తెలుగు టెక్స్ట్ ప్యాకేజీకి ఆటోమేటిక్ రిఫరెన్స్ డాక్స్: ఏం చేశాం, ఎక్కడిదాకా వచ్చాం

తెలుగు టెక్స్ట్‌తో పనిచేసే ఒక చిన్న ఓపెన్ సోర్స్ పైథాన్ ప్యాకేజీకి ఉన్న కొద్దిమంది మెయింటైనర్లలో నేనూ ఒకణ్ణి. మాటల్ని అక్షరాలుగా విడగొట్టడం, అంకెల్ని మాటల్లో చెప్పడం, ఒకే మాటని నలుగురు నాలుగు రకాలుగా టైప్ చేస్తే వాటన్నిటినీ ఒక రూపానికి తేవడం, ప్యాకేజీ చేసే పని ఇంతే. వాడేవాళ్లలో ఎక్కువమంది ఇంజినీరింగ్ ప్రాజెక్టులు చేసే పిల్లలు, పాత పుస్తకాలు డిజిటైజ్ చేసేవాళ్లు, అక్కడక్కడా మెషిన్ లెర్నింగ్ కోసం డేటా శుభ్రం చేసుకునేవాళ్లు. ఏ ఫంక్షన్ ఏం తీసుకుంటుంది, ఏం తిరిగిస్తుంది అని చెప్పే రిఫరెన్స్ అంతా రీడ్‌మీ ఫైల్లో ఒక పెద్ద టేబుల్‌గా ఉండేది. ఎవరో ఓపిగ్గా చేత్తో రాసింది. కోడ్ మారింది, టేబుల్ మారలేదు. ఒక ఆర్గ్యుమెంట్ పేరు ఎప్పుడో మార్చేశారు, టేబుల్లో మాత్రం పాత పేరే. అది చూసి కోడ్ రాసుకున్నవాళ్లకి టైప్ ఎర్రర్ వస్తుంది, ఇష్యూ పెడతారు, మేము సారీ చెప్పి టేబుల్లో ఆ ఒక్క లైన్ సరిచేస్తాం, మళ్లీ రెండు రిలీజుల తర్వాత అదే కథ ఇంకో ఫంక్షన్‌తో.

ఈ టేబుల్ తీసేసి కోడ్‌లోంచే రిఫరెన్స్ పేజీలు పుట్టేలా చేసిన పని గురించి రాస్తున్నాను. మొదటే నా అభిప్రాయం చెప్పేస్తాను, మిగతాదంతా దానికి సాక్ష్యం అనుకోండి: ఆటోమేటిక్ డాక్యుమెంటేషన్ టూల్ నుంచి మనం ఆశించాల్సింది రాయడం కాదు, తనిఖీ. పేర్లు, సిగ్నేచర్లు (ఫంక్షన్ పేరు, దాని ఆర్గ్యుమెంట్ల వరుస), లింకులు అది తెచ్చి పెడుతుంది, బాగా పెడుతుంది. వాక్యాలు మనిషే రాయాలి. ఆ రెండూ ఒకదానితో ఒకటి పొసగకపోతే బిల్డ్, అంటే డాక్స్ సైట్ తయారుచేసే పని, ఆగిపోవాలి. మూడోది లేకపోతే మొదటి రెండూ ఉన్నా కొన్ని నెలలకి మళ్లీ రీడ్‌మీ టేబుల్ దగ్గరికే వస్తాం.

టూల్‌గా స్ఫింక్స్ తీసుకున్నాం. గియోర్గ్ బ్రాండ్ల్ పైథాన్ సొంత డాక్యుమెంటేషన్ కోసం తయారుచేసి 2008లో విడుదల చేసిన టూల్ ఇది, అంతకుముందు పైథాన్ డాక్స్ లేటెక్ అనే టైప్‌సెట్టింగ్ పద్ధతిలో ఉండేవి. పీడాక్, ఎంకేడాక్‌స్ట్రింగ్స్ కూడా చూశాం. పీడాక్ చాలా తేలిక, నాలుగైదు ఫంక్షన్ల ప్యాకేజీకి నేనైతే ఈరోజు కూడా అదే చెబుతాను. మాకు మాత్రం వేరే ప్రాజెక్టుల డాక్స్‌కి లింకులు, పీడీఎఫ్, పాత వెర్షన్ల పేజీలు కావాలి, డాక్స్‌లో ఉన్న ఉదాహరణలు రన్ అవ్వాలి. స్ఫింక్స్‌లో ఇవన్నీ పక్కపక్కనే దొరుకుతాయి.

ఇక్కడ ఒక మాట చెప్పకుండా ఉండలేను. రస్ట్ వాళ్లకి ఈ తలనొప్పి సగం లేదు. రస్ట్ ప్యాకేజీలు ఉంచే క్రేట్స్ డాట్ ఐఓలో ప్యాకేజీ పెడితే చాలు, డాక్స్ డాట్ ఆర్ఎస్ దాని రిఫరెన్స్ తనంతట తనే బిల్డ్ చేసి పెడుతుంది, డాక్స్‌లో రాసిన ఉదాహరణ కోడ్ టెస్టులు నడిపే కార్గో టెస్ట్ కమాండ్‌తో పాటే రన్ అవుతుంది. ఆర్ భాషలో అయితే బయటికి ఇచ్చిన ఫంక్షన్‌కి హెల్ప్ పేజీ లేకపోతే ప్యాకేజీ చెక్‌లోనే వార్నింగ్ వస్తుంది, వార్నింగ్‌తో ఆర్ ప్యాకేజీలు ఉంచే క్రాన్‌కి పంపితే వాళ్లు ఒప్పుకోవడం కష్టం. పైథాన్ ప్యాకేజీలు ఉంచే పైపీఐ మనల్ని ఏమీ అడగదు. ఒక్క డాక్‌స్ట్రింగ్ (కోడ్‌లో ఫంక్షన్ లోపలే రాసే వివరణ) లేకుండా కూడా ప్యాకేజీ పెట్టేయొచ్చు. అందుకే పైథాన్‌లో ఈ క్రమశిక్షణ ఎవరికి వాళ్లు తెచ్చిపెట్టుకోవాల్సిందే.

స్ఫింక్స్‌లో ఆటోడాక్, ఆటోసమ్మరీ అని రెండు ఎక్స్‌టెన్షన్లు ఉంటాయి. ఆటోడాక్ మాడ్యూల్‌ని తెరిచి డాక్‌స్ట్రింగ్‌లు లాగుతుంది, ఆటోసమ్మరీ వాటికి జాబితాలు, విడివిడి పేజీలు తయారుచేస్తుంది. కాన్ఫిగ్ ఫైల్లో నాలుగు లైన్లు మార్చి, డాక్‌స్ట్రింగ్ లేని వాటిని కూడా చూపించమనే ఆప్షన్ పెట్టి బిల్డ్ కొడితే సైట్ వచ్చేసింది. చూడ్డానికి చాలా బాగుంది, ఎడమవైపు మెనూ, పైన సెర్చ్ పెట్టె, ప్రతి ఫంక్షన్‌కీ ఒక పేజీ. ఇల్లు అలకగానే పండగ కాదని లోపలికి వెళ్తే తెలిసింది. సగం పేజీల్లో ఫంక్షన్ పేరు, బ్రాకెట్లలో ఆర్గ్యుమెంట్ల పేర్లు, కింద తెల్లగా ఖాళీ. ఇలాంటి పేజీ అసలు లేకపోవడమే నయం అంటాను నేను. సెర్చ్‌లో పేరు కనబడి క్లిక్ చేసినవాడికి ఏమీ దొరక్కపోతే, సైట్ మొత్తం మీద నమ్మకం పోతుంది, ఆ తర్వాత మంచి పేజీ ఉన్నా చూడడు. ఆ ఆప్షన్ అదే రోజు తీసేశాం. డాక్‌స్ట్రింగ్ ఉంటేనే పేజీలోకి వస్తుంది, లేనివన్నీ వేరే జాబితాలో మాకు కనిపిస్తాయి. స్ఫింక్స్‌తోనే వచ్చే కవరేజ్ ఎక్స్‌టెన్షన్ ఆ జాబితా ఇస్తుంది.

తర్వాత వచ్చిన చిక్కులన్నిటికీ మూలం ఒకటే, ఆటోడాక్ కోడ్‌ని చదవదు, ఇంపోర్ట్ చేస్తుంది. అంటే మాడ్యూల్ పై లెవెల్లో ఏం రాసి ఉంటే అదంతా డాక్స్ బిల్డ్ చేసేటప్పుడు నిజంగా రన్ అవుతుంది. మా మాడ్యూల్ ఒకటి ఇంపోర్ట్ అవగానే పెద్ద పదాల జాబితా ఫైల్‌ని మెమరీలోకి ఎక్కించేది. మా లాప్‌టాప్‌లలో ఆ ఫైల్ ఉంది, బిల్డ్ మెషిన్‌లో లేదు. అక్కడ ఆ మాడ్యూల్ ఇంపోర్ట్ ఫెయిలై, వార్నింగ్ ఒకటి లాగ్‌లో ఎక్కడో పడి, దానికి సంబంధించిన పేజీలన్నీ నిశ్శబ్దంగా ఖాళీ అయ్యాయి, బిల్డ్ మాత్రం సక్సెస్ అని ఆకుపచ్చ గుర్తు చూపించింది. దొరకని లైబ్రరీల స్థానంలో ఉత్తుత్తి మాడ్యూళ్లు పెట్టే మాక్ ఇంపోర్ట్స్ అనే సెట్టింగ్ ఉంది, చాలా ప్రాజెక్టులు దాంతోనే గట్టెక్కుతాయి. బయటి బరువైన లైబ్రరీలకి మేమూ అది వాడాం. కానీ మాక్ చేసిన క్లాస్ నుంచి మన క్లాస్ ఇన్‌హెరిట్ అయితే పేజీలో వింత బేస్ క్లాస్‌లు కనబడతాయి, కాబట్టి దాన్ని అతిగా నమ్మకూడదు. మన కోడ్‌లో సమస్యకి మన కోడే మార్చాలి. పదాల జాబితా లోడింగ్‌ని మొదటిసారి అవసరమైనప్పుడు జరిగేలా ఫంక్షన్ లోపలికి జరిపాం. డాక్స్ కోసం చేసిన ఈ మార్పుతో ప్యాకేజీ ఇంపోర్ట్ అవ్వడమే తేలికైపోయింది, అంకెల ఫంక్షన్ ఒక్కటే కావాల్సినవాడు పదాల జాబితా కోసం ఎదురుచూడాల్సిన పని లేదు.

ఇంపోర్ట్ చేయకుండా సోర్స్‌ని పార్స్ చేసే దారి కూడా ఉంది, స్ఫింక్స్ ఆటోఏపీఐ అలా పనిచేస్తుంది, ఎంకేడాక్‌స్ట్రింగ్స్ వెనకున్న గ్రిఫ్ కూడా. ఇంపోర్ట్ కష్టమైన ప్రాజెక్టులకి అది మంచిదే. మేము ఇంపోర్ట్ పద్ధతిలోనే ఉండిపోవడానికి కారణం, డాక్స్ బిల్డ్ ఫెయిలైన ప్రతిసారీ దాని వెనక వాడేవాళ్లకి కూడా తగిలే ఒక నిజమైన సమస్య దొరుకుతూ వచ్చింది.

డెకరేటర్ల (ఒక ఫంక్షన్‌కి పైన తొడుగులా వేసే ఇంకో ఫంక్షన్) సంగతి అలాంటిదే. ఫలితాల్ని గుర్తుపెట్టుకోవడానికి సొంతంగా రాసిన ఒక క్యాష్ డెకరేటర్ ప్యాకేజీ అంతా వాడారు. అసలు ఫంక్షన్ పేరు, డాక్‌స్ట్రింగ్ నిలబెట్టే ఫంక్‌టూల్స్‌లోని ర్యాప్స్ దాని లోపల పెట్టలేదు. ఫలితం, పైథాన్ దృష్టిలో ఆ ఫంక్షన్లన్నిటి పేరూ ర్యాపర్, ఆర్గ్యుమెంట్లు స్టార్ ఆర్గ్స్, డబుల్ స్టార్ కేవర్డ్ ఆర్గ్స్, డాక్‌స్ట్రింగ్ లేదు. ఎడిటర్‌లో మౌస్ పెట్టినా, హెల్ప్ అని కొట్టినా వాడేవాళ్లకి కనిపించేది ఇదే, ఇన్నాళ్లూ ఎవరూ ఫిర్యాదు చేయలేదు అంతే. డెకరేటర్‌లో ఒక్క లైన్ కలిపితే పదుల పేజీలు ఒకేసారి ప్రాణం పోసుకున్నాయి.

ఇంకోటి, డీఫాల్ట్ విలువలు. డేటా ఫోల్డర్ ఎక్కడుందో చెప్పే ఆర్గ్యుమెంట్‌కి డీఫాల్ట్‌గా హోమ్ డైరెక్టరీని లెక్కగట్టే ఎక్స్‌ప్రెషన్ రాసి ఉంది. పైథాన్‌లో డీఫాల్ట్ విలువ ఫంక్షన్ తయారయ్యేటప్పుడే లెక్కగట్టబడుతుంది, కాబట్టి రిఫరెన్స్ పేజీలో బిల్డ్ మెషిన్ తాలూకు పాత్ వచ్చి కూర్చుంది, స్లాష్ హోమ్ స్లాష్ డాక్స్ అంటూ మొదలయ్యేది. చదివేవాడు తన మెషిన్‌లో ఆ ఫోల్డర్ కోసం వెతుక్కుంటాడు. స్ఫింక్స్ 4.0 నుంచి ఆటోడాక్‌లో డీఫాల్ట్‌లని సోర్స్‌లో రాసినట్టే చూపించే ప్రిజర్వ్ డీఫాల్ట్స్ అనే సెట్టింగ్ ఉంది, అది ఆన్ చేస్తే పేజీ బాగుపడుతుంది. మేము అది ఆన్ చేసి, కోడ్‌లో కూడా డీఫాల్ట్‌ని None చేసి, హోమ్ డైరెక్టరీ వాడతామన్న సంగతి డాక్‌స్ట్రింగ్‌లో రాశాం.

అన్నిటికన్నా ఎక్కువ చర్చ మాత్రం టెక్నికల్ విషయం మీద జరగలేదు, ఏది పబ్లిక్, ఏది కాదు అన్న దాని మీద జరిగింది. మనం విడిగా చెప్పకపోతే టూల్‌కి తెలిసింది రెండే గుర్తులు, పేరు ముందు అండర్‌స్కోర్ ఉందా, మాడ్యూల్‌లో బయటికిచ్చే పేర్లు రాసే డండర్ ఆల్ (__all__) జాబితా ఉందా. మా ప్యాకేజీలో అండర్‌స్కోర్ లేని సాయం చేసే ఫంక్షన్లు బోలెడు, అసలు బయటివాళ్లు వాడాలని ఎవరూ అనుకోనివి. వాటిని రిఫరెన్స్‌లో చూపిస్తే రేపు మార్చడానికి ఉండదు, ఎందుకంటే పేజీలో ఉందంటే అది మనం ఇచ్చిన మాట. చూపించకపోతే ఇప్పటికే వాడుతున్నవాళ్లు ఏమైపోవాలి? ఒక్కొక్క పేరూ తీసుకుని కూర్చుని తేల్చాం. వాడుతున్నవాళ్లున్నారని తెలిసిన వాటిని పబ్లిక్ చేశాం, మిగతావాటికి అండర్‌స్కోర్ పెట్టి, పాత పేరు వాడితే ఇది త్వరలో పోతుందని చెప్పే డిప్రికేషన్ వార్నింగ్ వచ్చేలా చేశాం. డాక్స్ పని మొదలుపెట్టినప్పుడు ఎవరూ ఊహించని ప్రయోజనం ఇది, ప్యాకేజీకి సరిహద్దు గీసుకున్నాం.

దీనికి తోకగా ఇంకో చిన్న చిక్కు. ఫంక్షన్ అసలు రాసింది లోపలి మాడ్యూల్‌లో, వాడేవాళ్లు ఇంపోర్ట్ చేసుకునేది ప్యాకేజీ పై లెవెల్ నుంచి. పేజీ లోపలి మాడ్యూల్ అడ్రస్‌తో పుడితే జనం ఆ అడ్రస్‌నే కాపీ చేసుకుంటారు, రేపు మేము ఫైల్ జరిపితే వాళ్ల కోడ్ విరిగిపోతుంది. అందుకని ఆటోసమ్మరీకి పేర్లు పై లెవెల్ అడ్రస్‌తోనే ఇచ్చాం. నంపై (పైథాన్‌లో అంకెల లెక్కల లైబ్రరీ) లాంటి పెద్ద ప్రాజెక్టులు ఒక అడుగు ముందుకేసి ఫంక్షన్ల మాడ్యూల్ పేరునే పబ్లిక్ అడ్రస్‌కి మారుస్తాయి. మాకు అంత అవసరం రాలేదు.

ఇక వాక్యాలు. డాక్‌స్ట్రింగ్‌లకి నంపై పద్ధతి పెట్టుకున్నాం, పారామీటర్లు, రిటర్న్స్, రెయిజెస్, ఉదాహరణలు అని విడివిడి శీర్షికలుంటాయి, స్ఫింక్స్‌లోని నెపోలియన్ ఎక్స్‌టెన్షన్ దాన్ని అర్థం చేసుకుంటుంది. పద్ధతి ఏదైనా ఒకటే ఉండాలి, అంతకుమించి దాని మీద వాదన దండగ. అసలు పని ఏమిటంటే, కోడ్ చూస్తే తెలియని సంగతి ఏదో పట్టుకుని రాయడం.

అక్షరాలుగా విడగొట్టే ఫంక్షన్‌నే చూడండి. పాత డాక్‌స్ట్రింగ్ ఒక్క లైన్, టెక్స్ట్‌ని అక్షరాలుగా విడగొడుతుంది అని. అది పేరులోనే ఉంది కదా. వాడేవాడికి వచ్చే ప్రశ్నలు వేరు. స్త్రీ అనే మాటకి పొడవు చెప్పే పైథాన్ లెన్ ఆరు చెబుతుంది, స, త, ర మూడు హల్లులు, మధ్యలో రెండు విరామాలు, చివర దీర్ఘం కలిపి ఆరు కోడ్ పాయింట్లు, అంటే యూనికోడ్‌లో విడివిడి గుర్తులు. మన ఫంక్షన్ ఒకటే అక్షరం ఇస్తుంది. తెలుగు అనే మాటకి లెన్ ఆరు, అక్షరాలు మూడు. ఇది మొదటి ఉదాహరణ. రెండోది ఇంకా ముఖ్యం. రామన్ అని ఇస్తే చివరి పొల్లు ఏం కావాలి? రా, మ, న్ అని మూడు ముక్కలా, రా, మన్ అని రెండా? ఛందస్సు లెక్కలు చూసుకునేవాళ్లకి పొల్లు ముందు అక్షరంతో కలవాలి, గళ్లనుడికట్టు తయారుచేసేవాళ్లకి విడిగా కావాలి. ఫంక్షన్‌లో దానికో ఆర్గ్యుమెంట్ మొదట్నుంచీ ఉంది, ఎందుకుందో మాత్రం ఎక్కడా రాసి లేదు. ఇప్పుడు రాసి ఉంది, రెండు ఉదాహరణలతో.

అంకెల ఫంక్షన్ కూడా అంతే. 116 ఇస్తే నూట పదహారు రావాలి, వంద పదహారు కాదు. 1116 ఇస్తే వెయ్యి నూట పదహారు. 100000 ఇస్తే లక్ష. రుణ సంఖ్య ఇస్తే వేల్యూ ఎర్రర్. ఈ నాలుగు ఉదాహరణలు పెడితే పేరాల వివరణ అక్కర్లేదు.

ఉదాహరణల గురించి నేను గట్టిగా పట్టుబట్టిన విషయం, అవి రన్ కావాలి. డాక్‌టెస్ట్ మాడ్యూల్ పైథాన్ 2.1 నుంచీ, అంటే 2001 నుంచీ పైథాన్‌తోనే వస్తోంది, టిమ్ పీటర్స్ రాసింది. డాక్‌స్ట్రింగ్‌లో >>> గుర్తు తర్వాత ఉన్న లైన్‌ని రన్ చేసి, కింద రాసిన ఫలితంతో అక్షరం అక్షరం పోల్చుతుంది. తెలుగుతో డాక్‌టెస్ట్ రాసేవాళ్లకి ఒక గుంట ఉంది, కాస్త వివరంగా చెబుతాను, దీని గురించి రాసి పెట్టినవాళ్లు నాకు కనబడలేదు.

సాఫ్ట్‌వేర్ అని తెలుగులో సరిగ్గా కనబడాలంటే ఫ్ట్ తర్వాత కంటికి కనిపించని ఒక గుర్తు ఉండాలి, జీరో విడ్త్ నాన్ జాయినర్ అంటారు. అది లేకపోతే వకారం వత్తై కిందికి దిగిపోతుంది. ఈ మాటని మన ఫంక్షన్‌కి ఇస్తే నాలుగు ముక్కల లిస్ట్ వస్తుంది, రెండో ముక్క చివర ఆ గుర్తు ఉంటుంది. పైథాన్ లిస్ట్‌ని ప్రింట్ చేసేటప్పుడు కనిపించని గుర్తుల్ని వెనుక స్లాష్, యు, నాలుగు అంకెల కోడ్‌గా మార్చి చూపిస్తుంది. డాక్‌స్ట్రింగ్‌లో ఫలితం రాసేవాడు ఆ గుర్తునే టైప్ చేస్తే టెస్ట్ ఫెయిల్, ఎందుకంటే అసలు ఫలితంలో ఉన్నది కోడ్ రూపం. సరే అని కోడ్ రూపం రాస్తే, మామూలు డాక్‌స్ట్రింగ్‌లో పైథాన్ దాన్ని మళ్లీ కనిపించని గుర్తుగా మార్చేస్తుంది, మళ్లీ ఫెయిల్. ఫైల్లో మనం రాసిందీ, అసలు ఫలితమూ స్క్రీన్ మీద ఒకేలా కనబడతాయి, జుట్టు పీక్కోవాలి. దారి ఏమిటంటే డాక్‌స్ట్రింగ్ మొదట్లో కోట్ ముందు ఆర్ అక్షరం పెట్టి రా స్ట్రింగ్ చేయడం. అప్పుడు కోడ్ రూపం అలాగే ఉండి ఫలితంతో సరిపోతుంది. కనిపించని గుర్తులు వచ్చే అవకాశమున్న ప్రతి ఫంక్షన్‌కీ రా డాక్‌స్ట్రింగే ఉండాలని కంట్రిబ్యూటర్ల గైడ్‌లో రాశాం.

డాక్‌టెస్ట్‌లు బయటి మార్పుల్ని కూడా పట్టిస్తాయి. 2024 జూన్‌లో నంపై 2.0 వచ్చినప్పుడు ఒంటరి సంఖ్యల్ని చూపించే పద్ధతి మారింది, 3.0 అని కనిపించేది కాస్తా ఎన్‌పీ డాట్ ఫ్లోట్64 అని, బ్రాకెట్లో 3.0గా కనబడడం మొదలైంది. సగటు లెక్కగట్టే మా ఫంక్షన్ ఒకటి నంపై సంఖ్యని అలాగే తిరిగి ఇస్తోందని ఆ టెస్ట్ విరిగాకే బయటపడింది. మామూలు పైథాన్ ఫ్లోట్‌గా మార్చి ఇచ్చేలా సరిచేశాం. చాలామంది ఇలాంటప్పుడు పాత ప్రింటింగ్ పద్ధతికి సెట్టింగ్ పెట్టి టెస్ట్‌ని పాస్ చేయించుకుంటారు. వాడేవాడి స్క్రీన్ మీద కనబడేది కొత్త పద్ధతే అయినప్పుడు, డాక్స్‌లో పాతది చూపించి ఏం లాభం?

తనిఖీ ఎలా పెట్టామంటే, ప్రతి పుల్ రిక్వెస్ట్‌కీ (కోడ్‌లో మార్పు కలపమని వచ్చే ప్రతిపాదన) డాక్స్ బిల్డ్ అవుతుంది, వార్నింగ్ వస్తే ఎర్రర్‌గా లెక్కించే డబ్ల్యూ ఫ్లాగ్‌తో. మొదటి వార్నింగ్ దగ్గరే ఆగిపోకుండా అన్నీ చూపించడం కూడా తప్పనిసరి (స్ఫింక్స్ 8.1కి ముందు దీనికి కీప్ గోయింగ్ ఫ్లాగ్ పెట్టాల్సి వచ్చేది, ఇప్పుడు అడక్కుండానే జరుగుతుంది), లేకపోతే కొత్తగా వచ్చిన కంట్రిబ్యూటర్ ఒకటి సరిచేసి పుష్ చేసి, రెండోది చూసి మళ్లీ పుష్ చేసి విసుగెత్తి వెళ్లిపోతాడు. దొరకని లింకులన్నిటికీ గోల చేసే నిట్‌పికీ మోడ్ కూడా ఆన్ చేశాం. దానితో మొదట్లో వరద వస్తుంది, పారామీటర్ టైప్ దగ్గర మామూలుగా రాసిన మాటల్ని కూడా అది క్లాస్ పేరనుకుని వెతుకుతుంది. కొన్నిటిని మినహాయింపు జాబితాలో పెట్టాం, ఎక్కువ భాగం సరిచేశాం. పైథాన్ సొంత టైపులకి లింకులు ఇంటర్‌స్ఫింక్స్ అనే ఎక్స్‌టెన్షన్ ఇస్తుంది, ప్రతి స్ఫింక్స్ సైట్‌లోనూ ఆబ్జెక్ట్స్ డాట్ ఇన్వ్ అనే ఫైల్ ఉంటుంది, అందులో ఏ పేరు ఏ పేజీలో ఉందో రాసి ఉంటుంది, బిల్డ్ చేసేటప్పుడు అది దించుకుని లింకులు కలుపుతుంది. అలాగే మా సైట్ ఫైల్ వాడుకుని వేరే ప్రాజెక్టు మా ఫంక్షన్‌కి లింక్ ఇవ్వొచ్చు. పబ్లిక్ అడ్రస్‌ల గురించి అంత చర్చ ఎందుకో ఇక్కడ కూడా తెలుస్తుంది.

హోస్టింగ్ రీడ్ ద డాక్స్‌లో. 2010 నుంచి ఓపెన్ సోర్స్ ప్రాజెక్టులకి ఉచితంగా ఇస్తున్న సర్వీస్ అది. ట్యాగ్ వేసిన వెర్షన్లకి విడివిడిగా డాక్స్ ఉంచుకోవచ్చు, పుల్ రిక్వెస్ట్‌కి ప్రివ్యూ ఇస్తుంది. ప్రివ్యూ విలువ నేను అనుకున్నదానికన్నా ఎక్కువ. కోడ్ తేడాలో డాక్‌స్ట్రింగ్ చదివి బాగుందనేసేవాళ్లు, ప్రివ్యూ పేజీలో చదివితే మాత్రం ఇది అర్థం కాలేదు అని చెబుతారు.

ఇప్పుడు ఏఐ సంగతి. డాక్‌స్ట్రింగ్ లేని ఫంక్షన్ల జాబితా బయట పెట్టాక, ఏఐ టూల్‌తో అన్నిటికీ ఒకేసారి రాయించి పంపిన పుల్ రిక్వెస్ట్‌లు రావడం మొదలైంది. ఫార్మాట్ శుభ్రంగా ఉంటుంది, తనిఖీలన్నీ పాస్ అవుతాయి. టెక్స్ట్‌ని ఒక రూపానికి తెచ్చే ఫంక్షన్‌లో స్ట్రిక్ట్ అనే ఆర్గ్యుమెంట్ ఉంది. వచ్చిన వాక్యం, స్ట్రిక్ట్ ట్రూ అయితే స్ట్రిక్ట్ మోడ్‌లో పనిచేస్తుంది అని. అసలు సంగతి ఏమిటంటే, పాత గ్రంథాలు డిజిటైజ్ చేసేవాళ్లు అరసున్నని, బండి ఱ ని ముట్టుకోవద్దని అడిగితే పెట్టిన ఆర్గ్యుమెంట్ అది. మామూలుగా అయితే ఫంక్షన్ అరసున్న తీసేసి, ఱ ని ర చేస్తుంది. ఏ అక్షరాలు మారతాయో కోడ్‌లో ఒక జాబితాగా ఉంది, ఎందుకో, ఎవరు వాడాలో ఒక పాత ఇష్యూ చర్చలో మాత్రమే ఉంది. టూల్ ఎంత తెలివైనదైనా తనకి ఇవ్వని సమాచారాన్ని రాయలేదు. పైగా ఖాళీగా ఉన్నంతకాలం ఆ ఫంక్షన్ మా జాబితాలో బాకీగా కనబడేది, ఆ వాక్యం పడితే జాబితాలోంచి పోతుంది, లోటు మాత్రం అలాగే ఉంటుంది. ఆ పుల్ రిక్వెస్ట్ పంపిన కుర్రాడితో మాట్లాడి, ఆ పాత చర్చ లింక్ ఇచ్చి, ఒక్క ఫంక్షన్ తీసుకుని చేయమన్నాం, బాగా రాశాడు. ఇంగ్లీష్ సరిదిద్దడానికి ఏఐ వాడుకోమనే చెబుతాం. రూల్ ఒకటే, ఆర్గ్యుమెంట్ పేరునే తిప్పి చెప్పే వాక్యం ఒప్పుకోం.

చివరిగా, మా ప్యాకేజీకే ప్రత్యేకమైన సమస్య, సెర్చ్. రిఫరెన్స్ ఇంగ్లీష్‌లోనే ఉన్నా ఉదాహరణల నిండా తెలుగే, గుణింతం, పొల్లు, వత్తు లాంటి మాటలు డాక్‌స్ట్రింగ్‌లలో తెలుగులోనే రాస్తాం, ఎందుకంటే వాడేవాళ్లు వాటినే వెతుకుతారు. స్ఫింక్స్ సెర్చ్ పెట్టెలో తెలుగు అని కొడితే సంబంధం లేని పేజీలు వచ్చేవి. తవ్వితే తేలిందేమిటంటే, స్ఫింక్స్ మాటల్ని రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్‌లో వర్డ్ క్యారెక్టర్ అనే గుర్తుతో విడగొడుతుంది. పైథాన్ సొంత రెగెక్స్ మాడ్యూల్‌లో ఆ గుర్తు కిందికి అక్షరాలు, అంకెలు, అండర్‌స్కోర్ వస్తాయి, మన గుణింతపు గుర్తులు, విరామం, సున్న రావు. కాబట్టి తెలుగు అనే మాట ఇండెక్స్‌లోకి త, ల, గ అని మూడు ముక్కలుగా వెళ్తుంది, గుణింతం గ, ణ, త అయిపోతుంది. హిందీ, తమిళం, కన్నడం, ఏ భారతీయ లిపికైనా ఇదే గతి.

దీనికి స్ఫింక్స్‌లోనే దారి ఉంది. సెర్చ్ భాషకి సొంత క్లాస్ రాసుకుని రిజిస్టర్ చేయొచ్చు, అందులో మాటల్ని విడగొట్టే ఫంక్షన్‌ని మార్చి, తెలుగు యూనికోడ్ బ్లాక్ మొత్తాన్ని మాటలో భాగంగా లెక్కించాం, జీరో విడ్త్ గుర్తుల్ని తీసేశాం. అది సగం పనే. వెతికేటప్పుడు బ్రౌజర్‌లో టైప్ చేసిన మాటని విడగొట్టేది జావాస్క్రిప్ట్, అది కూడా గుణింతపు గుర్తుల దగ్గర విరగ్గొడుతుంది. అదే క్లాస్ ద్వారా బ్రౌజర్ వైపు కోడ్ కూడా ఇవ్వొచ్చు, రెండువైపులా ఒకే నియమం ఉంటేనే మాట దొరుకుతుంది. ఇప్పుడు పొల్లు అని కొడితే అక్షరాల ఫంక్షన్ పేజీ వస్తుంది. విభక్తులు మాత్రం ఇంకా తెలియవు, పొల్లుని అని కొడితే పొల్లు దొరకదు, మాట నుంచి మూల రూపం తీసే స్టెమ్మర్లు స్ఫింక్స్‌తో వస్తాయి గానీ వాటిలో తెలుగు లేదు.

పీడీఎఫ్ కావాలన్నవాళ్ల కోసం లేటెక్ ఇంజిన్‌ని జీలేటెక్‌కి మార్చి నోటో సాన్స్ తెలుగు ఫాంట్ పెట్టాం, డీఫాల్ట్‌గా ఉండే పీడీఎఫ్‌లేటెక్‌తో తెలుగు రాదు. కోడ్ బ్లాకులకి వాడే మోనోస్పేస్ ఫాంట్‌లో తెలుగు అక్షరాలు లేవు కాబట్టి అక్కడ కూడా తెలుగు ఫాంట్‌ని విడిగా చెప్పాల్సి వచ్చింది, దానివల్ల ఉదాహరణల్లో నిలువు వరుసలు కాస్త అటూ ఇటూ అవుతున్నాయి. రీడ్‌మీలో టేబుల్ ఉన్న చోట ఇప్పుడు రిఫరెన్స్ సైట్ లింక్, ఇన్‌స్టాల్ చేసే కమాండ్, నూట పదహార్ల ఉదాహరణ, ఈ మూడే ఉన్నాయి. సెర్చ్ కోసం రాసిన ఎక్స్‌టెన్షన్‌ని విడి ప్యాకేజీగా తీసి, మిగతా భారతీయ లిపులు కూడా కలపడం తర్వాతి పని. కన్నడం, తమిళం తెలిసినవాళ్లు టెస్టుల కోసం మాటలు పంపితే అక్కణ్ణుంచి మొదలుపెడతాం.